పాత పడవ, 14 నెలల గడువు: ముందు దేన్ని విప్పాలి?

తూరుపుగాలి:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది 1979లో కట్టిన 36 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. ఒక మాస్ట్ (తెరచాపలు మోసే స్తంభం), రెండు తెరచాపలు. నేనూ మా ఆవిడా రెండేళ్లుగా దాంట్లోనే కాపురం ఉంటున్నాం. మెరీనాలో కట్టేసిన పడవలో ఉండటం వేరు, నెలల తరబడి సముద్రం మీద ఉండటం వేరు అని తెలుసు. ఇంకో 14 నెలల్లో బయల్దేరాలి. తుఫానుల కాలం చూసుకుని లెక్క వేసిన తేదీ అది, తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఇద్దరివీ ఉద్యోగాలు కాబట్టి చేతికి దొరికేవి శని ఆదివారాలే. డబ్బు కూడా అన్నిటికీ సరిపోయేంత లేదు.

చెయ్యాల్సిన పనులన్నీ మా ఆవిడ ఒక నోటుబుక్కులో రాస్తోంది. ఇప్పటికి 83 అయ్యాయి. మొదట్లో ఉన్నవి ఇవి: లిథియం బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్ల కోసం వెనక స్టీలు ఫ్రేము, సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే వాటర్‌మేకర్, కొత్త చార్ట్‌ప్లాటర్ (దారి చూపే తెర), పరుపులు. ఇంజిన్ పడవతో వచ్చినదే, మూడు సిలిండర్ల డీజిల్. గంటల మీటరు ఎప్పుడో ఆగిపోయింది గానీ ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. దాన్ని మార్చాలా?

చివర్లో చిన్నాచితకా ఉన్నాయి. హల్‌లో, అంటే పడవ అడుగు గోడలో, నీళ్లు లోపలికి తీసుకునే, బయటికి వదిలే చోట్ల గుండ్రటి ఎర్ర చక్రాలున్న పాత వాల్వులు ఉన్నాయి, రెండు తిరగడం లేదు. రిగ్గింగ్ (మాస్ట్‌ని పట్టి నిలబెట్టే తీగలు) అయిదేళ్ల కిందటే మార్చారని పడవ అమ్మినాయన చెప్పారు. వాన పడితే కుడివైపు పుస్తకాల అర తడుస్తుంది, వెనక చెక్క మీద గోధుమరంగు చార దిగింది. పైన డెక్ మీద రెండుసార్లు సీలెంట్ పూశాను, ఆగలేదు. అది 61వ నంబరు.

నోటుబుక్కు తెరవగానే టెన్షన్ పట్టుకుంటోంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసేస్తున్నాం. ఇలా బయల్దేరి వెళ్లినవాళ్లు చెప్పండి, మీరైతే దేన్ని ముందు పట్టుకుంటారు?

చుక్కాని:

తూరుపుగాలి గారూ, మీ 61వ నంబరుని ఇవాళే ఒకటో నంబరు చెయ్యండి. వాటర్‌మేకర్ ఆగుతుంది, అది ఆగదు.

ఆ పుస్తకాల అర వెనక ఏముందో ఎప్పుడైనా చూశారా? ఆ కాలపు పడవల్లో చాలావాటికి దాదాపు అక్కడే చైన్‌ప్లేట్ ఉంటుంది. మాస్ట్‌ని పక్కనుంచి పట్టి నిలబెట్టే తీగలు కిందికొచ్చి తగులుకునేది ఆ స్టీలు పట్టీకే. అది డెక్‌లో సన్నటి గాడిలోంచి దిగి, లోపల అడ్డుగోడకి, అంటే బల్క్‌హెడ్‌కి బోల్టులతో బిగిసి ఉంటుంది. తెరచాప నిండా గాలి పట్టినప్పుడల్లా వెంట్రుకవాసి కదులుతుంది. అలా కదిలే దాని చుట్టూ పూసిన సీలెంట్ కొన్నేళ్లకి వదిలేస్తుంది. మీరు పైన ఎన్నిసార్లు పూసినా పాత సీలెంట్ మీద కొత్త పొర వేసినట్టే తప్ప, నీళ్ల దారి మూసుకోదు.

స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదనుకుంటాం. దాని మీద కంటికి కనపడనంత పల్చగా క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది, దాన్ని కాపాడేది అదే. ఆ పొర చెదిరితే మళ్లీ కట్టుకోవడానికి ఆక్సిజన్ కావాలి. డెక్ గాడిలో ఇరుక్కుని కదలకుండా నిలిచిన ఉప్పునీటిలో ఆక్సిజన్ మిగలదు. అందుకే డెక్ పైన కనిపించే ముక్క మెరుస్తుంది, లోపల బల్క్‌హెడ్ దగ్గర కనిపించే ముక్కా మెరుస్తుంది, మధ్యలో డెక్ మందం ఉన్న ఆ కాస్త చోట మాత్రం లోహం తినేసుకుపోతుంది. పైన పటారం, లోన లొటారం. మీ చెక్క మీద చార ఆ తుప్పుదైనా కావచ్చు, డెక్ లోపలి బాల్సా చెక్క కుళ్లి కారినదైనా కావచ్చు. విప్పితే గానీ తేలదు.

గాలి లేని రోజు చూసుకోండి, పడవ కట్టేసి ఉండగానే చెయ్యొచ్చు. ముందు పైనుంచి తెరచాప ఎత్తే హాలియార్డ్ తాడు ఒకటి తెచ్చి ఆ పక్క రెయిలు దగ్గర గట్టి చోట కట్టి బిగించండి, తీగ వదిలినా మాస్ట్‌కి ఆసరా ఉంటుంది. టర్న్‌బకిల్ (తీగని బిగించే మర) ఎన్ని చుట్లు విప్పారో రాసి పెట్టుకోండి. ఒకసారికి ఒక్క చైన్‌ప్లేట్ మాత్రమే. బయటికి లాగాక ఉప్పూ సీలెంటూ గీకి శుభ్రం చేసి, పగుళ్లు చూపించే ఎర్ర డై కొట్టండి. సీసా మీద రాసినంతసేపు ఉంచి, తుడిచేసి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులుంటే తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది. అది చూశాక ఇక ఎవరినీ సలహా అడగక్కర్లేదు.

రిగ్గింగ్ అయిదేళ్లదే అన్న మాట దగ్గర నా ప్రాణం విలవిల్లాడింది. మా 38 అడుగుల పడవ కొన్నప్పుడు మాకూ అచ్చం అదే చెప్పారు. నమ్మి, మొదటి ఏడాది డబ్బంతా సోలార్‌కీ వాటర్‌మేకర్‌కీ పోశాం. పెద్ద ప్రయాణంలో నాలుగో రోజు తెల్లవారుజామున మా ఆవిడ ముందుకు వెళ్లి, కుడివైపు కింది తీగ దగ్గర కూర్చుండిపోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే, తీగ కింది టెర్మినల్‌లోకి దూరే మూతి దగ్గర ఒక పోగు తెగి, పిల్లి మీసంలా బయటికి పొడుచుకొచ్చి ఉంది. మొత్తం 19 పోగుల తీగ అది. మధ్యాహ్నానికి మూడు తెగాయి. వెంటనే గాలి రెండో పక్కకి వచ్చేలా పడవ తిప్పి ఆ తీగ మీద బరువు తీసేశాం. నేను మాస్ట్ మీద స్ప్రెడర్ అనే అడ్డకర్ర దాకా ఎక్కి డైనీమా అనే గట్టి సింథటిక్ తాడు చుట్టి కట్టాను, కింద వించ్‌తో బిగించాం. తెరచాప సగానికి కుదించుకుని అయిదు రోజులు తప్పుడు దిక్కున నడిచి ఒక రేవు చేరాం. ఆ అయిదు రోజులూ మాస్ట్ కిర్రుమన్నప్పుడల్లా ఇద్దరం మాట ఆపేసి పైకి చూసేవాళ్లం.

అమ్మినాయన అబద్ధం చెప్పారని నేననను. ఆయనకి ముందు ఓనరు చెప్పింది ఆయన మాకు చెప్పారు, అంతే. రసీదు లేని రిగ్గింగ్‌కి పడవ వయసే లెక్క. తీగల ఆయుష్షు మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు అంటారు. పైనుంచి జారిన ఉప్పునీళ్లు చేరేది కింది టెర్మినల్స్‌లోకే, అందుకే పగుళ్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. భూతద్దం పట్టుకుని ఒక్కోటీ చూడండి. నిలువుగా వెంట్రుకంత గీత కనిపించినా మార్చేయండి. స్టా-లాక్ లాంటి మరలతో బిగించే టెర్మినల్స్ అయితే సముద్రం మధ్యలో కూడా మనమే చేతి పనిముట్లతో వేసుకోవచ్చు. నేను వేసినవన్నీ అవే.

తర్వాత ఆ ఎర్ర చక్రాల వాల్వులు. అవి ఇళ్లలో కుళాయి పైపులకి వాడే ఇత్తడి గేట్ వాల్వులై ఉంటాయి. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగి పోతుంది, మిగిలేది స్పాంజిలా బోలుగా ఉన్న రాగి. గీకి చూస్తే పసుపు బదులు గులాబీ రంగు కనిపిస్తుంది. తిరగని వాటిని బలవంతంగా తిప్పకండి, చక్రం చేతిలోకి ఊడొస్తే వాల్వు తెరిచి ఉందో మూసి ఉందో తెలియదు. నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద 38 మిల్లీమీటర్ల రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు 140 లీటర్లు లోపలికొస్తాయి. అంటే నిమిషానికి ఏడు పెద్ద బక్కెట్లు. పడవని గట్టు మీదికి ఎక్కించినప్పుడు అన్నీ తీసేసి కంచువి గానీ, సముద్రానికని చేసిన మంచి ప్లాస్టిక్‌వి గానీ పెట్టండి. ప్రతిదానికీ సరిపడే కొయ్య బిరడా ఒకటి తాడుతో అక్కడే కట్టి ఉంచండి. అప్పటిదాకా ఆ బిరడాలైనా ఈ వారమే కట్టేయండి.

గట్టు మీద ఉండగానే చుక్కాని కింది అంచున సన్నటి రంధ్రం వేసి చూడండి. గోధుమరంగు నీళ్లు కారితే లోపల స్టీలు చట్రం తుప్పు పడుతున్నట్టే.

ఇంజిన్ మార్చకండి. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయ్యే పాత డీజిల్‌ని తీసి పారేసేంత డబ్బు మీకుంటే ఆ డబ్బుతో రిగ్గింగంతా కొత్తది వస్తుంది. ఎగ్జాస్ట్ ఎల్బో (పొగ బయటికి వెళ్లే వంపు గొట్టం) విప్పి మసి పూడిందేమో చూడండి, హీట్ ఎక్స్‌ఛేంజర్ కడిగించండి, ఇంపెల్లర్లు (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు చక్రాలు) మూడు నాలుగు దగ్గర పెట్టుకోండి. డీజిల్ ట్యాంకు మాత్రం తెరిచి అడుగు గీకించండి. మెరీనాలో 40 ఏళ్లు పేరుకున్న మడ్డి కదలకుండా ఉంటుంది. మొదటి పెద్ద అలలకి అంతా లేచి ఫిల్టరు మూసుకుపోతుంది, ఇంజిన్ ఆగిపోయేది సరిగ్గా రేవులోకి దూరే ఇరుకులోనే.

ఆంపియర్:

చుక్కాని గారి మాటలన్నిటితో ఏకీభవిస్తాను, ఒక్కటి కలుపుతాను. ఆయన నీళ్ల గురించి చెప్పారు, నిప్పు గురించి చెప్పలేదు. 1979 పడవంటే ఇప్పటిదాకా కనీసం నలుగురైదుగురు ఓనర్లు ఎవరికి తోచిన వైరు వాళ్లు లాగి ఉంటారు. బోటు వైరింగ్ పని చేస్తూ నేను చూసిన భయంకరమైన విషయం ఎప్పుడూ ఒకటే: బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు, దానికి ఫ్యూజు లేదు. ఎక్కడో చెక్క అంచుకి రాసుకుని ఇన్సులేషన్ పోతే వందల ఆంపియర్లు దాంట్లోంచి పారతాయి, వైరు ఎర్రగా కాలుతుంది. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి, మీటరు దూరంలో కాదు. ఇది లిథియం కన్నా ముందు చెయ్యాల్సిన పని.

లిథియం వద్దనను. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 1280 వాట్ అవర్లు ఉంటాయి (దాని అసలు వోల్టేజి 12.8), అందులో 80 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. లెడ్ యాసిడ్‌ని సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కానీ పాత ఇంజిన్‌కున్న కరెంటు పుట్టించే చిన్న ఆల్టర్నేటర్‌తో నేరుగా కలిపితే, లిథియం నిండేదాకా అది పూర్తి కరెంటు ఇస్తూనే ఉండాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాని ఫ్యాన్ గాలి చాలదు, వేడెక్కి మాడిపోతుంది. ఇంకో చిక్కు, బ్యాటరీ లోపలి బీఎంఎస్ (దాన్ని కాపాడే సర్క్యూట్) ఒక్కసారిగా కనెక్షన్ తెంపితే ఆ వోల్టేజి దెబ్బకి ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. ఇంజిన్‌కి లెడ్ బ్యాటరీని అలాగే ఉంచి, అక్కడినుంచి డీసీ-డీసీ చార్జర్ ద్వారా లిథియంకి ఇవ్వండి. తక్కువ తలనొప్పి.

ఫ్రిజ్ మాటిమాటికీ ఆగిపోతుంటే బ్యాటరీని తిట్టేముందు వైరు చూడండి. 5 ఆంపియర్లు లాగే ఫ్రిజ్ 6 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 12 మీటర్ల వైరు. అది 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. లావు వైరు, తగరం పూత వేసిన రాగి, సరైన క్రింపింగ్ (వైరు కొసని టెర్మినల్‌లో నొక్కి బిగించడం). ఉత్త సోల్డర్ మీద ఆధారపడకండి, పడవ అదురుకి విరుగుతుంది.

గట్టుమీద:

నేను రాసేది పనుల గురించి కాదు. మా పడవ బోట్‌యార్డులో గట్టు మీద ఏడేళ్లు ఉంది.

తీగ లాగితే డొంక కదిలినట్టు ప్రతి పని కిందా ఇంకో పని బయటపడేది. చైన్‌ప్లేట్ విప్పితే బల్క్‌హెడ్ కుళ్లింది, బల్క్‌హెడ్ తీస్తే కిచెన్ అంతా విప్పాలి, విప్పాం కదా అని పైపులన్నీ మార్చాం. ప్రతిదీ సమంజసంగానే అనిపించింది. మూడో ఏడాది నుంచి మా ఆవిడ యార్డుకి రావడం తగ్గించింది, అయిదో ఏడాది మా అమ్మాయి కాలేజీలో చేరింది. ఇప్పుడు పడవ అద్దంలా ఉంది. వెళ్దామని ఇంట్లో ఎవరూ అనరు, నాకూ అడగాలనిపించదు.

దయచేసి పడవని వీలైనంత వరకు నీళ్ల మీదే ఉంచండి. ప్రమాదకరమైన నాలుగైదు పనులు అవగానే రెండు వారాలు సెలవు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోండి, మిగతా 70 పనులు అలాగే ఉన్నా సరే. వాటిలో ఏవి నిజంగా కావాలో ఆ రెండు వారాల్లో మీ ఇద్దరికీ తెలిసిపోతుంది.

చుక్కాని:

గట్టుమీద గారూ, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మీరు చెప్పిందే సరైన మాట, నా పొడుగాటి జవాబులో అదే లేదు.

తూరుపుగాలి గారూ, అన్నీ తెరవమని నా ఉద్దేశం కాదు. రాబిన్ నాక్స్-జాన్స్టన్ 1968లో 32 అడుగుల సుహైలీ అనే పడవలో ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టడానికి బయల్దేరిన కొన్ని వారాలకే కీల్ (పడవ అడుగు దూలం) దగ్గరి అతుకుల్లోంచి నీళ్లు రావడం మొదలైంది. కాన్వాస్ పట్టీకి దూది కుట్టి, సముద్రంలోకి దూకి, ఊపిరి బిగబట్టి మళ్లీ మళ్లీ మునిగి దాన్ని రాగి మేకులతో అతుకు మీద కొట్టాడు, ఆ పైన రాగి రేకు వేశాడు. 312 రోజులకి ఇల్లు చేరాడు. పడవలో లోపాలు ఉన్నాయి, ఆయనకి ఆ పడవ ఎక్కడ ఎలా కట్టారో తెలుసు. మీరు ఈ ఏడాది విప్పే ప్రతి బోల్టూ మీకు ఆ పరిచయాన్నే ఇస్తుంది. అందుకే చైన్‌ప్లేట్లు మాత్రం ఇంకొకరికి అప్పజెప్పకండి, మీ చేత్తో మీరే తీయండి.

తూరుపుగాలి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

పుస్తకాలన్నీ తీసి, అర వెనక పలక నాలుగు స్క్రూలు విప్పాం. చుక్కాని గారు చెప్పినట్టు చైన్‌ప్లేట్ అక్కడే ఉంది. మొదటిసారి చూశాం, రెండేళ్లుగా దానికి మూరెడు దూరంలో పడుకుంటున్నాం. ఆరు బోల్టుల్లో అయిదు మామూలుగానే వచ్చాయి, పైది తలతో సహా విరిగింది. పట్టీని పైకి లాగడానికి రెండు గంటలు పట్టింది. గాడిలోంచి దాంతోపాటు తడిసిన బాల్సా నల్లగా, నానబెట్టిన అట్టముక్కలా ఊడొచ్చింది, వేళ్లతో నలిపితే నీళ్లు కారాయి.

డెక్ మందంలో ఉన్న ముక్క మీద చిన్న చిన్న గుంటలు. నాకు అవి మాత్రమే కనిపించాయి. మా ఆవిడ డై కొట్టి, తుడిచి, డెవలపర్ చల్లింది. కాసేపటికి తెలుపు మీద ఎర్రటి గీత ఒకటి మెల్లగా పైకి తేలింది. పట్టీ వెడల్పులో మూడో వంతు దాటి, అంచు నుంచి లోపలికి. మేమిద్దరం అలా చూస్తూ ఉండిపోయాం. పోయిన నెల మెరీనా బయట అలల్లో 25 నాట్ల గాలికి ఈ పట్టీ మీదే వాలి నడిచాం.

కొత్తవి 316 స్టీలులో, పాతదానికన్నా కాస్త మందంగా చేయిస్తున్నాం. గాడి చుట్టూ కుళ్లిన బాల్సాని వంచిన అలెన్ కీ డ్రిల్లుకి తగిలించి గీకి తీశాను. గట్టి చెక్క తగిలేదాకా నాలుగు అంగుళాలు పోయింది. పైన గుడారం కట్టి ఆరబెడుతున్నాం. ఎండాక చిక్కటి ఎపాక్సీ నింపి, అందులోనే కొత్త గాడి కోస్తాం. పట్టీకీ డెక్‌కీ మధ్య సీలెంట్ బదులు బ్యూటైల్ టేప్ పెడదామనుకుంటున్నాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

రిగ్గింగ్ మార్చడానికి నిర్ణయించుకున్నాం, వాటర్‌మేకర్ డబ్బు దానికే. ఆంపియర్ గారూ, బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేని వైరు ఒకటి కాదు, రెండు దొరికాయి. రెండూ ఆ రోజే తెంపేశాను. ఒకటి పడవ అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపుదని తర్వాత తెలిసింది, ఫ్యూజుతో మళ్లీ కలిపాను. గట్టుమీద గారూ, అయిదో నెలలో రెండు వారాల సెలవు ఇప్పుడే పెట్టేశాం, మీ మాట చదివి మా ఆవిడే ఆఫీసులో ముందు అడిగింది. ఎర్ర చక్రాల పక్కన కొయ్య బిరడాలు వేలాడుతున్నాయి.

నోటుబుక్కులో ఇప్పుడు 91 ఉన్నాయి, కానీ మొదటి పేజీలో ఆరే రాసుకున్నాం. రేపు ఎడమవైపు చైన్‌ప్లేట్ విప్పుతున్నాం. ఆ పక్క చార లేదు, ఎప్పుడూ తడవలేదు. అయినా ఎర్ర డై సీసా ఇంకా సగం ఉంది.